గడ్డం మీద మూడో గాటు

పెద్దాయన గడ్డం మీద అది మూడో గాటు.

మొదటిది పోయిన నెలలో పడింది. రెండోది పోయిన వారం. మూడోది ఇప్పుడే, చెవి కింద, ఎర్రగా తేలింది.

బార్బరు పటిక రాయి అద్ది, పైన చిటికెడు దూది అంటించాడు. ఈమధ్య అతని సెలూన్లో సబ్బు కన్నా దూదే ఎక్కువ ఖర్చవుతోంది. లోపలికి గడ్డాలతో వెళ్ళినవాళ్ళు బయటికి దూదితో వస్తున్నారని, వీధిలోవాళ్ళు దానికి దూది కొట్టు అని పేరు కూడా పెట్టేశారు.

ఎవరైనా కోప్పడితే అతని దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. బ్లేడు బాగోలేదనేవాడు. బల్బు వెలుతురు చాలడం లేదనేవాడు. మరీ గట్టిగా అడిగితే, మీరే తల కదిపారనేవాడు.

పెద్దాయన కోప్పడలేదు. అద్దంలో గాటు వైపైనా చూసుకోలేదు. బార్బరు వేళ్ళ వైపు చూశాడు.

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

"లేదండీ," అన్నాడు బార్బరు. ఎక్కుతున్నాయి.

"చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా?"

"లేదండీ." పొద్దున భార్యే పెట్టి పంపింది.

"ఓసారి రక్తపరీక్ష చేయించుకో నాయనా. బీ ట్వెల్వ్ చూడమని అడుగు. ఆలస్యం చెయ్యకు."

బార్బరుకు విషయం అర్థమైపోయింది. వీధి చివర కొత్తగా ల్యాబు తెరిచారు. మనుషుల్ని తీసుకెళ్ళినవాళ్ళకు వాళ్ళు కమీషన్ ఇస్తారని అతను ఎక్కడో విన్నాడు.

ఆ తర్వాత పెద్దాయన వచ్చిన ప్రతిసారీ అదే పాట. ల్యాబుకు వెళ్ళావా, ఎప్పుడు వెళ్తావు, కాళ్ళలో కూడా మంటలు పుడుతున్నాయా అని అడిగేవాడు. ఒకరోజు బార్బరుకు ఓపిక నశించింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా వింటుండగానే కత్తెర కింద పెట్టాడు.

"మీ కమీషన్‌కి నా రక్తమే దొరికిందా సార్? ఇంకో కొట్టు చూసుకోండి."

పెద్దాయన మెడ చుట్టూ ఉన్న గుడ్డ తీసి ఇచ్చి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

ఆ వారమే బార్బరు బావమరిది ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్తూ, మీసం కాస్త కత్తిరించమని వచ్చి కూర్చున్నాడు. ఒకవైపు కొంచెం ఎగిరిపోయింది. రెండోవైపు సమానం చేయబోతే అదీ ఎగిరిపోయింది. అలా సర్దుతూ సర్దుతూ ఉండగా, సర్దడానికి ఏమీ మిగల్లేదు.

తమ్ముడి ముఖం చూసిన బార్బరు భార్య, మర్నాడు పొద్దున్నే పరగడుపున మొగుణ్ణి ల్యాబుకు లాక్కెళ్ళింది.

రిపోర్టు వచ్చాక ఇద్దరూ దాన్ని మంచం మీద పరిచి, మార్కుల కాగితంలా చదివారు. కొలెస్ట్రాల్ ఉండాల్సినదాని కన్నా బాగా ఎక్కువ ఉంది. ఇందులో ఫస్టు క్లాసు అన్నాడు బార్బరు. బీ ట్వెల్వ్ దగ్గర కనీసం రెండు వందలు ఉండాలని రాసుంది. అతనికి తొంభై వచ్చింది.

"ఇది తప్పారు," అంది భార్య.

విటమిన్ డీ కూడా తప్పాడు.

డాక్టరమ్మ కాగితం చూసి, ఫస్టు క్లాసు వచ్చినదాన్ని ముందు తగ్గించుకోమంది. తర్వాత గ్యాసు మాత్రలు వేసుకుంటారా అని అడిగింది. బార్బరు నోరు విప్పేలోపే, పిప్పరమెంట్లలా ఏళ్ళ తరబడి వేస్తున్నారని భార్య చెప్పేసింది. అన్నేళ్ళు వేసుకుంటే తిండిలోని బీ ట్వెల్వ్ ఒంటికి సరిగా పట్టదని, అది చాలక నరాలు దెబ్బతింటున్నాయని, అందుకే వేళ్ళకు కత్తి పట్టు తెలియడం లేదని డాక్టరమ్మ వివరించింది. మొదట రోజూ ఒక సూది, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత నెలకొకటి. డీ కోసం వారానికో మాత్ర. బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపకూడదు.

"సమయానికి వచ్చారు. ఇంకా ఆలస్యమైతే సూదులు వేసినా పోయిన పట్టు తిరిగొచ్చేది కాదు," అంది.

రోజంతా జనం గొంతుల మీద కత్తి తిప్పే మనిషి, సూది చూడగానే బల్ల పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కదలకండి," అంది నర్సు. ఆ మాట ఇంకొకరి నోట వినడం అతనికి అదే మొదలు.

కొన్ని నెలలకు వేళ్ళకు ప్రాణం వచ్చింది. గుండీలు తనే పెట్టుకున్నాడు. కొట్టుకు పాత పేరు తిరిగొచ్చింది. బావమరిదికి మీసం కూడా వచ్చింది గానీ, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చునే ధైర్యమే రాలేదు.

అప్పుడు పెద్దాయన గుర్తొచ్చి బార్బరుకు మనసు పీకింది. కమీషన్ మనిషైతే మాత్రం ఏమైంది, చెప్పింది నిజమే కదా అనుకున్నాడు. గాటు పడకుండా ఒక్కసారి ఆయనకు గడ్డం గీయాలనుకున్నాడు. ల్యాబులో అడిగితే అలాంటి మనిషి తమకు తెలియదన్నారు. వీధి వీధీ వాకబు చేసి చివరికి ఇల్లు పట్టుకున్నాడు. తలుపుకు తాళం వేసుంది.

పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. ఫలానా సెలూన్ మనిషినని చెప్పుకుని, పెద్దాయన ఎక్కడని అడిగాడు. కూతురికి బదిలీ అయిందని, పోయిన నెలే అందరూ వెళ్ళిపోయారని, ఏ ఊరో తనకు తెలియదని ఆవిడ చెప్పింది.

"ఆయన ఏ ల్యాబులో పనిచేసేవారండీ?" అని అడిగాడు బార్బరు.

ఆవిడ తడి చొక్కా దులిపి తీగ మీద వేసింది.

"ల్యాబేంటి బాబూ, ఆయనకూ మీలాగే సెలూన్ ఉండేది, సూదులు మొదలుపెట్టేసరికే ఆలస్యమై, వేళ్ళలో పట్టు మళ్ళీ రాక, తన గడ్డం తను గీసుకోలేకే కదా మీ దగ్గరికి వచ్చేవారు."