ఊరందరి మాఫీ

హజ్‌కు వెళ్లేవాడు ముందుగా తెలిసినవాళ్లందరినీ క్షమించమని అడగాలి. బొంబాయిలో చీటీలు తీసి, పేరు వచ్చినవాళ్లనే ఓడ ఎక్కిస్తారు. బుద్ధున్నవాడు పేరు వచ్చాక అడుగుతాడు. నేను దరఖాస్తు పోస్టు చేసిన రోజే మొదలుపెడతాను. నారాయణఖేడ్ బస్టాండు ముందు బట్టలు కుట్టేవాణ్ణి. కొలతలు తప్పినవాళ్లే సగం ఊరు.

నాలుగో ఏడు కూరగాయల కాశమ్మ విసుక్కుంది. "ఏంది టైలర్ సాబ్, ఏటేటా మాఫ్ చేస్తనే ఉన్న. ఒక్క జాకెట్‌కు ఎన్నిసార్లు చెయ్యాలె?"

ఆ ఏడూ నా పేరు రాలేదు. అన్నం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "ఊరంత మాఫ్ చేసింది. అల్లానే పిలుస్తలేడు."

"నన్ను అడగలే నువ్వు" అంది నా భార్య రహమత్ బీ.

నిజమే. నాలుగేళ్లలో ఆ ఆలోచనే రాలేదు. ఏడుపులోనే నవ్వొచ్చింది.

"సరే, మాఫ్ చెయ్. నిన్నేమన్న నేను?"

ఆమె నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

"నీ పేరు నాలుగుసార్లు చీటీలల్లకు పోయింది, రాలే. గా దరఖాస్తుల నా పేరు ఒక్కసారన్న రాసినవా?"