మజ్జిగ తాగిన రాయి

సత్యవాణి తన జీవితంలో చేసిన మొదటి నేరానికి ఒక నల్లరాయి, ఒక శిల్పి, చెంబెడు పుల్లమజ్జిగ సరిపోయాయి.

ఊళ్లో పేరున్న హోల్‌సేల్ కిరాణా కొట్టు నడుపుతూ, నలుగురికీ నీతులు చెప్పే ఆవిడ, రైల్వేవారిని మోసం చెయ్యడానికి దిగిందంటే దానికి కారణం స్టేషను పక్కనున్న పాత గూడ్స్ షెడ్డు. ఒకప్పుడు ఈ ఊరు తిన్న ఉప్పూ, వెలిగించిన కిరసనాయిలూ, ఇళ్లకు కప్పుకున్న పెంకులూ అన్నీ ఆ షెడ్డు దగ్గరే వ్యాగన్లలోంచి దిగాయి. ఇక్కడి బియ్యమూ బెల్లమూ ఆ అరుగు మీంచే ఎక్కి ఊళ్లు పట్టుకుపోయాయి. వ్యాగన్ తలుపు తెరిచే ముచ్చట చూడడానికి సత్యవాణి చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మరీ నాన్న వెంట పడేది. ఆ తర్వాత సరుకంతా లారీల మీదికి మారింది, షెడ్డులో పావురాలు చేరాయి. ఇప్పుడు దాన్ని పడగొట్టి కార్ల పార్కింగ్ కడతారట. ఆ మాట విన్న రోజు ఆవిడకు అన్నం సహించలేదు.

"వందేళ్లు దాటిన కట్టడమైతే ఉంచేస్తాం, మ్యూజియం చేసుకోండి. కానీ రుజువు కావాలి," అన్నారు రైల్వే ఆఫీసులో.

రుజువేదీ? పాత కాగితాలన్నీ ఎప్పటి గోదావరి వరదలోనో నాని పోయాయి. షెడ్డుకు వందేళ్లు ఎప్పుడో దాటాయని సత్యవాణి ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలదు. ఒట్టు చాలదన్నారు కాబట్టి, రాయి మీద చెక్కించాలని తీర్మానించుకుంది.

శిల్పి వీరబ్రహ్మం హడలిపోయాడు.

"దొంగ రాయి చెక్కమంటారేంటండి? దేవుడి విగ్రహాలు చెక్కే చేతులండి ఇవి!"

"దొంగ రాయి కాదయ్యా. అప్పుడు చెక్కించాల్సిన వాళ్లు మర్చిపోయారు, మనం కాస్త ఆలస్యంగా చెక్కిస్తున్నాం. అంతే!"

ఈ వాదన ముందు వీరబ్రహ్మం నిలబడలేకపోయాడు. నల్లరాయి మీద 1919 అని చెక్కేశాడు. షెడ్డు గోడ అడుగున రాయి పట్టేంత గుంట ఎందుకో ముందే ఉంది, గోడ తొలిచే శ్రమ కూడా తప్పింది. రాయి మాత్రం కొత్త పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది.

"దానికి మందుందండి," అన్నాడు వీరబ్రహ్మం, అప్పటికి అతనికీ హుషారు పుట్టుకొచ్చింది. "మా కడియం నర్సరీల్లో సిమెంటు కుండీలకి పుల్లమజ్జిగ పూసి నీడన పెడతారు. నాచు పట్టేసి తాతల నాటి కుండీల్లా అయిపోతాయండి."

నాచు పట్టింది. సత్యవాణి రోజూ వెళ్లి చూసుకుని మురిసిపోయింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. షెడ్డు వయసు తేల్చడానికి రైల్వేవాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి వస్తామన్న రోజు పొద్దున్నే, ఎందుకైనా మంచిదని, ఇంకో పూత పూసి వచ్చింది.

రాజమండ్రి నుంచి వచ్చిన ఇంజనీరు ఉదయభాస్కర్ కుర్రవాడే కానీ, నవ్వితే జీతం కోస్తారన్నట్టు ముఖం బిగించుకుని ఉన్నాడు. షెడ్డంతా తిరిగి, రాయి దగ్గరికి రాగానే ఠక్కున ఆగిపోయాడు. ముఖంలో రంగులు మారాయి.

"ఈ రాయి ఎప్పట్నుంచి ఉందండి ఇక్కడ?"

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచీనండి," అంది సత్యవాణి తడుముకోకుండా.

"ఈ గోడలోనేనా? మీరు కళ్లారా చూశారా?"

"రోజూ చూసేదాన్నండి."

అతను నమ్మలేదని ఆవిడకు అర్థమైంది. ఇంతలో పావురాల ఆశతో షెడ్డులో మకాం వేసిన పిల్లి ఒకటి వచ్చి, ఇంజనీరు గారిని ఏమాత్రం ఖాతరు చెయ్యకుండా రాయిని నాకడం మొదలుపెట్టింది. సత్యవాణి కొంగు విదిలించి అదిలించింది. పిల్లి అటు పోయినట్టే పోయి, ఇటు నుంచి వచ్చి మళ్లీ నాకింది.

ఉదయభాస్కర్ వంగి రాయిని వాసన చూశాడు.

"నూరేళ్ల రాయికి మజ్జిగ వాసనేంటండి?"

ఇక సత్యవాణి నోటికి అబద్ధం రాలేదు.

"నేనే చేయించానండి. చెక్కినవాడిని ఏమీ అనకండి, కేసు పెడితే నా మీదే పెట్టండి. మా ఊరి పొట్ట నింపిన షెడ్డండి ఇది. పడగొడుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను." కళ్లు తుడుచుకుంది.

ఉదయభాస్కర్ పిల్లి వైపు చూసి ఫక్కున నవ్వేశాడు. ఆ నవ్వుకు ఆవిడ ఇంకా భయపడింది.

"మీకున్న ధైర్యం నాకు లేకపోయిందండి. ముందు ఈ రాయి తీయించేయండి. పైగా పాపం షెడ్డు వయసు కూడా తగ్గించేశారు. రేపు అసలు రాయి తెచ్చి నేనే పెట్టిస్తాను. ఇక షెడ్డు జోలికి ఎవరూ రారు."

సత్యవాణి నోరు తెరిచింది.

"అసలు రాయా? అదెక్కడుందండి?"

ఉదయభాస్కర్ అటూ ఇటూ చూసి గొంతు బాగా తగ్గించాడు.

"మా పెరట్లోనండి. మా తాతగారు ఇక్కడ గూడ్స్ క్లర్కుగా చేసిన రోజుల్లో గుట్టుగా బండి మీద వేయించుకుపోయారు, మా అమ్మ ఇప్పటికీ దాని మీదే బట్టలు ఉతుకుతోంది."