కంపెనీ కుంచం

"ఒక్క అంగుళం తగ్గించండి," అన్నాడు మోహనకృష్ణ, శాంపిల్ కుంచాన్ని బల్ల మీద బోర్లించి.

ధనరాజ్ చేతిలో టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నరసన్నపేట హైవే పక్కన అతనిదో రేకుల షెడ్డు. మోహనకృష్ణ ఒక తవుడు నూనె కంపెనీ ప్రచారం చూసే మనిషి. పదిహేను లీటర్ల డబ్బా కొన్నవాళ్లకి ఉచితంగా ఇవ్వడానికి కంపెనీకి రెండు వేల స్టీలు కుంచాలు కావాలి. పాతకాలపు కుంచం, చుట్టూ వరికంకుల నగిషీ, మధ్యలో కంపెనీ ముద్ర. డిజైను మొత్తం ధనరాజ్‌దే. పది రాత్రులు కూర్చుని గీశాడు.

"అంగుళం తగ్గితే అది కుంచం అవదండి. నాలుగు మానికలు పట్టాల. మా ఇంట్లో కుంచంతో కొలిసి మరీ సేసేను."

"మీ కొలత ప్రకారం ఏడంగుళాల ఎత్తు. స్టీలు షీటుకి ఆరు కుంచాలే వస్తున్నాయి. ఎత్తు ఆరంగుళాలు చేస్తే ఏడు కుంచాలు వస్తాయి. మా ఆఫీసులో చూసుకునే చెప్తున్నా."

"అలాగైతే దాని మీద కుంచం అని రాయకండి. పూలకుండీ అనండి, ఇంకేటైనా అనండి."

మోహనకృష్ణ నవ్వాడు. "మన పల్లె కుంచం, మన ఇంటి నూనె అని శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా బోర్డులు కట్టించేశాం. ఇప్పుడు పూలకుండీ అంటే జనం నవ్వరూ?"

"మా ఊళ్లో కోతకూలి ఇప్పటికీ కుంచంతోనే కొలుస్తారండి."

"కొలిచేవాళ్లకి వాళ్ల కుంచాలు వాళ్లకి ఉంటాయి. ఇది షోకేసులో పెట్టుకునే వస్తువు. ఊరికే వచ్చినదాన్ని ఎవడైనా కొలిచి చూస్తాడా? మరీ చాదస్తం ధనరాజ్ గారూ మీకు."

ధనరాజ్ టేపు చుట్టి బల్ల మీద పెట్టాడు. మోహనకృష్ణ శాంపిల్‌ని సంచిలో పెట్టుకుంటూ, "విశాఖలో ఒకాయన షీటుకి ఏడు చేయడానికి ఒప్పుకున్నాడు. డిజైను ఎలాగూ మా దగ్గరుంది. మీరు కష్టపడ్డారని ఒక మాట అడుగుదామని వచ్చాను," అన్నాడు.

షెడ్డు మూలన రోలింగ్ మిషను ఆరు నెలలుగా గుడ్డ కప్పుకుని పడి ఉంది. ఈ ఆర్డరు పోతే మిషనుతో పాటు షెడ్డు కూడా అమ్ముకుని, ఏ కంపెనీ గేటు దగ్గరో కాపలాకి నిలబడాలి. తప్పుకి సిద్ధపడ్డ మనిషికి సమాధానాలకి కరువుండదు. నేను చేయకపోతే ఇంకొకడు చేస్తాడు. ఎవడు చేసినా అంగుళం తక్కువే. నా ఒక్కడి షెడ్డు మూతపడితే ఎవరికి లాభం? షోకేసులో ఉండే వస్తువే కదా.

"సరే, కానీండి," అన్నాడు.

రెండు వేల కుంచాలు తళతళలాడుతూ వ్యానెక్కాయి. నెల తిరక్కుండా కంపెనీ ఇంకో వెయ్యి అడిగింది. ఈసారి అంగుళం సంగతి మోహనకృష్ణ ఎత్తలేదు. ధనరాజూ ఎత్తలేదు.

నూర్పులు పూర్తయిన వారంలో ధనరాజ్ కోటబొమ్మాళి పక్కన ఉన్న తన ఊరికి వెళ్లాడు. తల్లి చిన్నతల్లి వాకిట్లో కూలి ధాన్యం చెరిగి డ్రమ్ములో పోస్తోంది. పోసి, చెయ్యి లోపలికి పెట్టి చూసి, మళ్లీ పెట్టి చూస్తోంది.

"ఏటే అమ్మా, అలా సూస్తన్నావు?"

"పోయినేడు ఇన్ని రోజుల కూలికే డ్రమ్ము మెడదాకా వచ్చిందిరా. ఈయేడు సూడు, ఎక్కడుండిపోనాదో. ఎలకలు పడ్డాయి గావాల."

"ఎవరి కళ్లంలో కొలిసేరు?"

"జగన్నాధం బాబు కళ్లంలో. ఆ బాబు తక్కువ కొలిసే మనిషి కాదు. పొర్లిపోయినట్టు పోసేడు."

ధనరాజ్ డ్రమ్ములోకి తొంగి చూశాడు. "ఏ కుంచంతో?"

"నీ కుంచంతోనేరా!" చిన్నతల్లి మొహం వెలిగిపోయింది. "నూనె డబ్బాకి ఇచ్చేరంట. ఆళ్ల పాత కుంచం అడుగు సిల్లుపడిపోనాదని ఇది తీసేరు. ఆ వరికంకులెంత బాగున్నాయో! సూసినోళ్లందరూ నిన్నే పొగిడేరు."

"మరి... తక్కువగుందని ఎవరూ అనలేదేటి?"

"అనకేటి! మాతో కోతకొచ్చే అమ్మడు లేదూ, దానికి ఊరందరికంటే నోరెక్కువ. ఈ కుంచం పొట్టిగుంది, దీంతో కొలిస్తే మేం ఒప్పుకోం అని కూలోళ్లందర్నీ లేపీసింది. నలభై మందిమి. జగన్నాధం బాబు కూడా, సర్లెండే, పక్కూరు నుంచి వేరే కుంచం తెప్పిస్తాను అన్నాడు. మోటారు సైకిలు కూడా తీయించేడు."

ధనరాజ్ ఊపిరి పీల్చుకున్నాడు. "తెప్పించేడా మరి?"

"నాను తేనిస్తానా?" చిన్నతల్లి చాట కింద పెట్టి, కొడుకు చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. "ఇది నా కొడుకు సేతి కుంచం, ఇందులో గింజ తక్కువుంటే ఈ జన్మలో నాకు అన్నం పుట్టకూడదని ధాన్యం ముట్టుకుని ఒట్టేసేనురా. అంతే, ఇంకెవరూ నోరెత్తనేదు."