కింది ఇంటి రోలు

చేపల పులుసు గిన్నె వెళ్ళి గోడకి తగిలింది.

మనోజ్ఞ తల వంచింది కాబట్టి గోడకి తగిలింది.

"కింది ముసలిది నీకెందుకిచ్చిందే కూర?" అన్నాడు దశరథ్. "ఇంటి గుట్టంతా చెప్పొచ్చావా?"

"ఏం చెప్పలేదండీ. కాలవలో చేపలు పడ్డాయంట. మనమూ తింటామని ఇచ్చింది."

మాట పూర్తికాకుండానే చెంప ఛెళ్ళుమంది. రెండోది చెవి మీద పడింది. మూడోదానికి చెయ్యి లేచేసరికి కింద చప్పుడు మొదలైంది.

దబ్. దబ్. దబ్.

రాతి రోట్లో రాతి బండ దెబ్బ. నేల అదిరి కాళ్ళలోకి వచ్చేది.

దశరథ్ చెయ్యి గాల్లోనే ఆగింది. "దీని రోలు పగల," అని బాల్కనీలోకి పోయి సిగరెట్ ముట్టించాడు.

మనోజ్ఞ గోడ తుడుస్తూ వేలికంటిన పులుసు నాకింది. అచ్చం యానాంలో అమ్మమ్మ చేతి పులుసే, కాస్త నిమ్మగడ్డి వాసన తప్ప.

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కాలవ గట్టున వాళ్ళుండే బిల్డింగు. కింది వాటాలో ప్రానీ అనే థాయ్ ముసలమ్మ ఒక్కతే ఉండేది. జర్మన్ మొగుడు పోయి చాన్నాళ్ళయింది. ముళ్ళెక్కువని గాలాలవాళ్ళు వద్దనుకున్న చేపలు ఆమె గుమ్మంలో పెట్టిపోయేవాళ్ళు. ఆమె వాటిని ఉప్పేసి రుద్ది, చింతపండు పిండి పులుసు పెట్టేది.

మర్నాడు ప్రానీ మెట్ల మీద ఎదురైంది. మనోజ్ఞ చెంప వైపు చూసింది.

"చేప బాగుందా?" అంది జర్మన్‌లో.

"బాగుంది," అని మనోజ్ఞ గబగబా పైకెక్కేసింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట వెనకటికొకతె. మనోజ్ఞదీ అదే వరస. దెబ్బల కంటే కింద ఆవిడ వింటుందేమోనన్న సిగ్గే ఎక్కువ.

ఫోన్లో తల్లికి చెప్పుకుంది. "రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవకూడదే," అంది తల్లి.

కొట్టిన ప్రతిసారీ దశరథ్ తర్వాత వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేవాడు.

"ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఆ దబదబలు. ఆ చప్పుడుకే నాకు పిచ్చెక్కుతోంది మనూ. అది లేకపోతే నీ మీద చెయ్యెందుకెత్తుతాను?"

నమ్మింది పిచ్చిది. నమ్మకపోతే ఆ ఇంట్లో తెల్లారేదెలా?

ఆ దేశంలో చప్పుడు మీద ఫిర్యాదు చెయ్యాలంటే లెర్మ్‌ప్రోటోకోల్ రాయాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు మోగిందో వరసగా రాసివ్వాలి. జర్మన్ బి-వన్ పరీక్ష పాసైంది మనోజ్ఞే కాబట్టి రాసిందీ మనోజ్ఞే.

మార్చి నాలుగు, సాయంత్రం ఆరుంబావు, మూడు నిమిషాలు.

మార్చి తొమ్మిది, ఆరూ నలభై, పది నిమిషాలు.

అలా పందొమ్మిది తేదీలు. కింద సంతకం కూడా ఆమెదే.

ఓనరు ప్రానీకి రెండుసార్లు హెచ్చరిక పంపాడు. చప్పుడు ఆగలేదు. మూడోసారి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

వెళ్ళేరోజు ముసలమ్మ కాలవ గట్టున నిలబడి పైకి చూసింది. మనోజ్ఞ కర్టెన్ వెనక్కి జరిగింది.

ఆ శుక్రవారం సాయంత్రం అన్నం మెత్తబడింది.

మొదటి దెబ్బ పడింది. రెండోది పడింది. మూడోదానికి చెయ్యి లేచింది.

ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు.

కింద ఏ చప్పుడూ లేదు.

మూడోది పడింది. ఆ తర్వాత ఎన్ని పడ్డాయో మనోజ్ఞకి తెలియదు. పై పన్ను ఊడింది. మణికట్టు విరిగింది. మెట్ల మీంచి పడ్డానని ఆస్పత్రిలో తనే చెప్పుకుంది.

పది రోజులకి బెల్లు మోగింది. గుమ్మంలో ఒక థాయ్ ఆవిడ, చేతుల్లో రోలూ బండా.

"ప్రానీ స్నేహితురాలిని. ఇది మీకివ్వమంది. విమానంలో బరువు కదా."

"విమానమా?"

"ఊరెళ్ళిపోయింది. ఈ వయసులో ఇక్కడ ఇంకో ఇల్లెవరిస్తారు? ఇక రాదు."

"అక్కడ మరి కూరల్లోకి దేంతో దంచుకుంటుంది?"

"ఏం దంచుతుంది? భుజం పాడై మూడేళ్ళయింది. కారం ముద్దలు నేనే డబ్బాల్లో తెచ్చిస్తున్నాను."

మనోజ్ఞ రోట్లోకి వంగి చూసింది. మిరపకాయ ఘాటు లేదు, నిమ్మగడ్డి వాసన లేదు. అడుగున తెల్లగా రాతిపొడి.

"వట్టి రోలా?" అంది. "వట్టి రోలు దంచకూడదంటారు మా వైపు."

"వాళ్ళ ఊళ్ళో కాలవ గట్టున దంచేవాళ్ళంట. ఏ ఇంట్లో మగాడి చెయ్యి లేచినా చుట్టుపక్కల ఆడవాళ్ళు వట్టి రోళ్ళే దంచేవాళ్ళు, మేం వింటున్నామని వాడికి తెలియాలని."

మనోజ్ఞకి తను రాసిన తేదీలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏ తేదీన ఒంటి మీద ఎక్కడ తగిలిందో అదీ గుర్తొచ్చింది. పందొమ్మిదికి పందొమ్మిదీ.

ఆవిడ, మనోజ్ఞ కట్టు కట్టిన చేతి వైపు చూసింది. "ఆయన ఎన్నింటికొస్తాడు?"

"ఆరింటికి."

"కింద నా కారుంది."

మనోజ్ఞ గోడ గడియారం చూసింది. ఐదున్నర. లోపలికెళ్ళి పాస్‌పోర్టు తెచ్చుకుంది. చెప్పులేసుకుంది. రోలు మళ్ళీ ఆవిడే ఎత్తుకుంది.

కింద తాళం వేసిన ప్రానీ తలుపు దగ్గర మనోజ్ఞ కాళ్ళు ఆగిపోయాయి.

"నాలుగు రోజులు ఊరుకుంటే ఇల్లు పోయేది కాదు కదా. ఎందుకు దంచింది?"

"నేనూ అదే అడిగాను," అంది ఆవిడ, రోలు ఇంకో చేతిలోకి మార్చుకుంటూ. "వాళ్ళ నాన్న చేతిలో వాళ్ళమ్మ చచ్చిపోయిన సాయంత్రం, ఆ గట్టున ఒక్క రోలూ మోగలేదంట."