ఒక్కటి పేలితే చాలు

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో పెద్దలు కొత్త చట్టం తెచ్చిన ఏడాది, విల్గా క్రీక్ అనే పల్లెలో పోలీసు స్టేషన్‌కి చేరని తుపాకీ ఒక్కటే. క్లెమ్ ట్రెవారోది.

ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా దానంతటదే మళ్ళీ తూటా ఎక్కించుకునే తుపాకులన్నీ అప్పగించాలి. వాటిని యంత్రంలో వేసి నలిపేస్తారు.

"నెస్సా తుపాకీని నలపనివ్వను," అన్నాడు క్లెమ్.

నెస్సా అతని భార్య. పోయి ఏడాదైంది. గొర్రెలు ఈనే రోజుల్లో వంటింటి కిటికీలోంచే నక్కల్ని కొట్టేది ఆ తుపాకీతో. క్లెమ్‌కి అంత గురి ఏనాడూ లేదు.

సార్జెంటు జాలిపడ్డాడు.

"చేత్తో లాగితే తప్ప రెండో తూటా ఎక్కకుండా చేయించుకురా. సంతకం పెట్టేస్తా."

ఆ పని తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే, ఆర్విడ్స్. చిన్నప్పుడెప్పుడో లాట్వియా నుంచి ఓడలో వచ్చాడట. దుకాణం పెట్టి ఎనిమిదేళ్ళయినా ఊరికి ఇంకా 'కొత్తాయనే'.

ఆర్విడ్స్ తుపాకీ అందుకుని, బయట ఆపిన ట్రక్కు వంక చూశాడు.

"వెనకాల కుక్క లేదేం?"

"టాఫీనా? పక్క పొలం రెజ్‌కి ఇచ్చేశా. వాడికింకా గొర్రెలున్నాయి."

మూడేళ్ళ కరువు. మేత పెట్టలేక ఆఖరి గొర్రెల్ని క్లెమ్ తనే కాల్చి గోతిలో పూడ్చాడని ఊరందరికీ తెలుసు. ఆ సంగతి అతని దగ్గర ఎవరూ ఎత్తరు.

"దీని కిందున్న పది తూటాల పెట్టె అలాగే ఉంచనా?"

"పది నాకెందుకయ్యా. ఒక్కటి పేలితే చాలు."

ఆర్విడ్స్ అతని మొహంలోకి కాసేపు చూశాడు.

"వారం పడుతుంది," అన్నాడు.

వారానికి తుపాకీ సిద్ధమైంది. పక్కన చిన్న పిడి. లాగితే ఒక తూటా ఎక్కుతుంది. రెండోది కావాలంటే మళ్ళీ లాగాల్సిందే. సార్జెంటు నాలుగుసార్లు లాగి చూసి సంతకం పెట్టాడు.

మామూలుగా ఎవరైనా దుకాణం వెనక కంచె మీద డబ్బా పెట్టి, రెండు దెబ్బలు కొట్టి చూసుకుంటేగానీ జేబులో చెయ్యి పెట్టరు. క్లెమ్ ఆ కంచె వైపైనా చూడలేదు. డబ్బిచ్చి, తుపాకీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్నే వచ్చి దుకాణం తలుపు దబదబా బాదాడు. నున్నగా గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకి తొడిగే కోటు తొడుక్కుని ఉన్నాడు.

"మోసగాడా! టిక్కుమంది! ఒట్టి టిక్కు!"

"లోపలికి రా క్లెమ్."

"రాను! విప్పి చూశా. తూటా వెనక కొట్టే సూది లేదు. ఏదీ?"

"నేనే తీశాను."

"నిన్ను నమ్మి చేతిలో పెట్టాను గదయ్యా! నీకంటే ఆ నలిపే యంత్రమే నయం, చెప్పి మరీ నలుపుతుంది!"

"నీ డబ్బు తిరిగిచ్చేస్తా."

"డబ్బెవడిక్కావాలి? సూది పెట్టు!"

"ఇప్పుడు పెట్టను."

"ఎందుకని?"

ఆర్విడ్స్ మెల్లిగా అడిగాడు. "దేనికి గురిపెట్టావు, క్లెమ్?"

క్లెమ్ మొహం కందగడ్డయింది.

"కుందేలుకి! ఇంక దేనికి పెడతారు?"

"కుందేలు బతికిందిగా. మంచిదే," అని ఆర్విడ్స్ టీకి నీళ్ళు పెట్టాడు.

క్లెమ్ ఆ కప్పు ముట్టలేదు.

ఒళ్ళు మండిపోయి ఇంట్లో కూర్చోలేకపోయాడు. ఏడాదిగా గడప దాటని మనిషి ఇప్పుడు రోజూ పబ్‌కి వచ్చి, బల్ల గుద్ది మరీ చెప్పేవాడు.

"చచ్చిపోయిన మనిషి వస్తువయ్యా అది! దాన్ని గుల్ల చేసి నా చేతిలో పెట్టాడు!"

"సూది దొంగ!" అని ఎవరో అన్నారు. పబ్బంతా ఘొల్లుమంది. ఆర్విడ్స్‌కి ఆ పేరే ఖాయమైంది.

పబ్ నడిపే మేవిస్ ఒకసారి ఆర్విడ్స్‌నే అడిగింది. "ఏవయ్యా, నిజమేనా?"

"సూది తీసింది నిజమే," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

నెల తిరిగేసరికి దుకాణం మెట్లెక్కేవాడు లేడు. ఆరు నెలలకి తాళం పడింది. ఆర్విడ్స్ పట్నం వెళ్ళిపోయాడు. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ రాలేదు. క్లెమ్ ఆ రోజు పబ్‌లో అందరికీ బీరు పోయించాడు.

ఆ ఏడాది వానలు పడ్డాయి. పబ్‌లో నలుగురూ వెంటపడితే క్లెమ్ ముప్ఫై గొర్రెలు కొన్నాడు. టాఫీ ఈనితే, రెజ్‌తో పోట్లాడి ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాడు.

అది ట్రక్కులో నిలబడి పబ్ తలుపు వైపు మొరిగిన రోజున, మేవిస్ బల్ల కిందనుంచి ఒక అగ్గిపెట్టె తీసింది.

"క్లెమ్, ఇది నీది. ఆ కొత్తాయన వెళ్ళేప్పుడిచ్చాడు. నీ ట్రక్కులో మళ్ళీ కుక్క కనబడితే ఇమ్మన్నాడు. అంతవరకూ అడిగినా ఇవ్వొద్దన్నాడు. మతి చెడిందనుకున్నా."

లోపల నూనె గుడ్డలో చుట్టిన సూది. ఎక్కడా తుప్పు లేదు.

"చూశారా! దొంగసొత్తు తిరిగిచ్చేశాడు!" అని రెజ్ నవ్వాడు. అందరూ నవ్వారు.

క్లెమ్ నవ్వలేదు.

"ఎక్కడుంటాడు? ఫోన్ నంబరుందా నీ దగ్గర?"

"పోయాడు కదయ్యా, పోయిన నెల్లో. పేపర్లో వేశారు. గుండెపోటు."

బయట కుక్కపిల్ల ఇంకా మొరుగుతూనే ఉంది. క్లెమ్ సూదిని గుప్పిట్లో బిగించాడు. 

"అతన్నేమీ అనకండి. అబద్ధమాడింది నేను," అన్నాడు. "ఆ పొద్దున నేను గురిపెట్టింది కుందేలుకి కాదు."