ఇవాళ పడవ ఫ్రీ

ముక్తేశ్వరం ఒడ్డు నుంచి పడవ కదలబోతుంటే వీరవేణి ఫోన్ మోగింది.

హైకోర్టు దగ్గర్నుంచి లాయరు సత్యప్రసాద్‌గారు.

"అమ్మా, గెలిచాం! పంచాయతీ ఇచ్చిన ప్లాన్ కోర్టు కొట్టేసింది. రిసార్టూ లేదు, ఏమీ లేదు. రేవు మీదే!"

వీరవేణి చేతిలోని ఖాళీ చేపల గంప గాల్లోకి లేచింది. అది ఎవరి నెత్తిన పడిందో ఎవరూ పట్టించుకోలేదు.

ఏడాదిగా, గోదారి మధ్యనున్న వీళ్ల లంకలో జనానికి కంటిమీద కునుకు లేదు. ఊరికున్నది ఒక్కటే రేవు. చేపలు దించాలన్నా, నొప్పులొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా అదే దారి. అది వాడకంలో లేని ఖాళీ జాగా అని రాసేసి, పంచాయతీ వాళ్లు రిసార్టుకి ప్లాన్ ఇచ్చేశారు. దాని మీద కోర్టుకెక్కింది చేపలమ్ముకునే ఈ వీరవేణే.

"ఇవాళ పడవ ఫ్రీ!" పడవ నడిపే గంగబాబు అరిచాడు. "ఎవరైనా ఎక్కెయ్యండి. ఆయ్!"

ఈలలే ఈలలు.

అప్పుడే గట్టు దిగి ఒకాయన వచ్చాడు. భుజాన సంచి, చేతిలో చెప్పులు.

"నన్నూ తీసుకెళ్తారా అండీ? ఒక్కసారి రేవు చూసి వెళ్లిపోతాను."

వీరవేణి ఇట్టే గుర్తుపట్టింది. నిరుడు ఎండాకాలం రిసార్టు కంపెనీ తరఫున వచ్చి, రేవంతా కొలిచి, ఎర్రజెండాలు పాతిన మనిషి!

"ఇక్కడ రోజూ పడవలు దిగుతాయా అండీ?" అని ఆ రోజు అడిగాడు కూడా.

"లేదండీ, విమానాలు దిగుతాయి," అని ఆమె మూతి తిప్పుకుంది.

ఇవాళ ఊరుకుంటుందా?

"ఇంకా కొలిచేదేటుందండీ? మీ ప్లాన్ గోదాట్లో కలిసిపోయింది!"

"తెలుసండీ," ఆయన నవ్వాడు. "అందుకే వచ్చాను."

"ఫ్రీ అన్నది మాకండీ, కంపెనీ వాళ్లక్కాదు," అంటూ గంగబాబు ఇంజను స్టార్ట్ చేశాడు.

పడవంతా నవ్వింది. అందరికంటే గట్టిగా వీరవేణి నవ్వింది. ఒడ్డున ఆయన చెయ్యి ఊపాడు. దానికీ నవ్వారు.

నడిగోదారికి చేరేసరికి మళ్లీ ఫోన్.

"సంతోషంలో అసలు సంగతి మర్చిపోయానమ్మా. మనల్ని గెలిపించినాయన మీ రేవు చూడాలని బయల్దేరేరు. ఈపాటికి ముక్తేశ్వరం వచ్చేసుంటారు."

"అయ్యబాబోయ్! దండేసి తీసుకెళ్తామండీ. ఒరే గంగబాబూ, వెనక్కి తిప్పరా!"

పడవ తిరిగింది. వీరవేణి ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒడ్డంతా వెతికింది. ఆ కంపెనీ మనిషి తప్ప ఇంకెవరూ లేరు. ఆయన కూడా ఆటో ఎక్కుతున్నాడు. ఆటో కొబ్బరితోటల్లోకి మలుపు తిరిగింది.

"ఇక్కడెవరూ లేరండీ. ఎలాగుంటారో చెప్పండి, ఎంతసేపైనా కాచుకుంటాం."

"మీకు తెలిసిన మనిషేనమ్మా. మీ రేవులో జెండాలు పాతిన సర్వేయరు. అక్కడ రోజూ పడవలు దిగుతాయని కోర్టుకి అఫిడవిట్ ఇచ్చినందుకు, మొన్ననే కంపెనీ వాళ్లు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసేరు."