అనుభవమున్న అమ్మాయి

మైకు చేతికి రాగానే భూమిక నవ్వింది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అంతా కంఠతా వచ్చు. ఈ నెలలో ఇది ఎన్నో కాలేజీయో లెక్కపెట్టుకోవడం కూడా మానేసింది.

ఇది మాత్రం మంథనిలో తను చదివిన కాలేజీ. ఆ గదులు చూస్తే ఏమైనా అనిపిస్తుందేమో అనుకుంది కారు దిగేటప్పుడు. ఏమీ అనిపించలేదు.

పక్క కుర్చీలో విజయేందర్ కూర్చున్నాడు. కరీంనగర్‌లో కంప్యూటర్ శిక్షణ సంస్థ ఆయనదే. డిగ్రీ అయిపోయిన పిల్లలను ఇంటర్న్‌షిప్‌లో పెట్టుకుని, జీతానికి బదులు అనుభవం ఇస్తాడు. ఖర్చులేని సరుకు కాబట్టి ఎంతమందికి ఇవ్వడానికైనా వెనకాడడు.

"మన దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన పిల్లనే ఈమె. ఇయ్యాల మీ ముంగట ఎంత ధైర్యంగ నిలవడ్డదో చూడుండ్రి" అని పరిచయం చేసి, మైకు ఇచ్చింది ఆయనే.

భూమిక అందుకుంది.

"నేను గూడ మీ లెక్కనే గీ బెంచీల మీద కూసున్న. లెక్కల డిగ్రీ పట్టుకొని ఏ ఆఫీసుకు పోయినా ఒక్కటే అడిగిండ్రు, అనుభవం ఉన్నదా అని. పని ఇస్తే గద అనుభవం వచ్చేది! ఇంటర్న్‌షిప్‌ల చేరినంకనే నాకు గిట్ల నలుగురిల మాట్లాడుడు వచ్చింది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మెడలో గుర్తింపు కార్డు, ఇస్త్రీ చీర, వచ్చింది కారులో. ఆ వయసులో చప్పట్లు కొట్టడానికి అంతకంటే ఏం కావాలి? అందరికంటే గట్టిగా విజయేందర్ కొట్టాడు.

మీటింగు అయ్యాక వరండాలో ఒకమ్మాయి వెంటపడింది. పేరు వనిత. ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో కూర్చుంది, ఈ మీటింగు కోసమే వచ్చింది.

"అక్కా, జర ఒక్క మాట. లింగమూర్తి సార్ బడిల లెక్కలు చెప్పుమని నన్ను పిలిచిండ్రు. సోమవారం లోపట ఏదో ఒకటి చెప్పాలె. బడికి పోవాల్నా, మీ ఇంటర్న్‌షిప్‌ల చేరాల్నా నాకు సమజైతలేదు."

"లింగమూర్తి సార్ బడా? బస్టాండు ఎనుకది? పదో తరగతి దాక నేను ఆడనే చదివిన."

ఆ పూట భూమిక కంఠతా రాని మాట మాట్లాడటం అదే మొదలు.

"జీతం నెలనెలా ఇస్తరా?"

"ఇస్తరంట అక్కా. తక్కువనే గని, ఆపరంట."

"ఏ తరగతులు?"

"ఎనిమిది, తొమ్మిది."

"నువ్వు గాకపోతే ఇంకెవరన్న దొరుకుతరా సార్‌కు?"

"ఎవ్వరు దొరుకుతలేరంట. అందుకే తొందరవెడుతుండు."

పెళ్లి సంబంధం ఆరా తీసే పెద్దమ్మలా భూమిక ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. అంత ఓపిగ్గా అడిగేవాళ్లు దొరికేసరికి వనిత మనసు విప్పేసింది.

"మా బాపు దుబాయ్‌ల ఉంటడు. అడిగితే నీ ఇష్టం బిడ్డా అంటడు. అవ్వకేమో ఇవన్ని ఎరుక లేవు. మీరే చెప్పుండ్రి అక్కా. మీరైతే ఏం జేద్దురు?"

కారు దగ్గర నుంచి విజయేందర్ చూస్తున్నాడు. భూమిక నోటి దాకా ఒక మాట వచ్చింది. మింగేసింది.

"నేనేం జేసిన్నో చూసినవ్ గదా. అనుభవం లేందే ఎవ్వరు పిలువరు చెల్లె. చేరు."

వనిత ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆ పిల్లకు. పాపం అనుకోవాల్సిన చోట భూమికకు ఆకలి మాత్రమే తెలిసింది. పొద్దున ఏమీ తినకుండా బయలుదేరింది.

కారులో విజయేందర్ హుషారుగా ఉన్నాడు.

"ఆ పిల్ల చేరుతదా?"

"చేరేటట్టే ఉన్నది సార్."

"శెభాష్! నువ్వు లేకుంటే మన ఆఫీసు ఏమైతుండెనో ఏమో."

భూమిక కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దారిపొడవునా రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు తిట్టుకుంటూ పక్కనుంచి తప్పిస్తున్నాడు.

సోమవారం ఆఫీసులో ఉండగా ఫోను మోగింది.

"అక్కా, నేను వనితను. బడికి రానని ఇప్పుడే సార్‌కు చెప్పిన. మంచి పనే చేసిన్నా?"

"మంచి పనే చేసినవ్. సార్ కోపం జేసిండా?"

"కోపం గాదు గని పరేషాన్ అయిండు. పిల్లలకు పాఠాలు ఆగినయంట. నాకే మనసున వడ్తలేదు."

"నువ్వేం ఫికర్ చెయ్యకు. ఎల్లుండి వచ్చి చేరు."

ఫోను పెట్టేసింది. లోపల విజయేందర్ ఎవరికో ఇంటర్న్‌షిప్ విలువ గురించి చెబుతున్నాడు. భూమిక మెల్లగా లేచి బయట మెట్ల మీదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. మంథనికి ఫోన్ కలిపింది.

"సార్, నమస్తే, నేను భూమికను, మీ బడిల చదివిన పిల్లను, లెక్కలు చెప్పెటందుకు నేనొస్త సార్, రెండేండ్ల సంది జీతం లేకుంట ఈడ ఇంటర్న్‌గనే ఉన్న."